ఆఖరున వచ్చిన రెండో రీలు

సూర్యాపేట గంజులో ధాన్యం అడ్తి దుకాణం నడిపే రామ్మూర్తికి వ్యాపారం తెచ్చిన పేరు కొంత, సినిమాలు తెచ్చిన పేరు అంతకంటే ఎక్కువ. ఆయన ఏ పత్రికలోనూ ఒక్క అక్షరం రాసినవాడు కాడు. దుకాణం ముందున్న బల్ల మీద కూర్చుని, కొత్తగా వచ్చిన సినిమా చూడదగినదో కాదో నాలుగు మాటల్లో తేల్చేవాడు. ఆ మాటలు బస్సు డ్రైవర్ల నోట పడి ఇటు మిర్యాలగూడకూ అటు కోదాడకూ చేరేవి. ఆయన మాట మీదనే సినిమా డేరా నిండేదని కొందరంటారు. నిండబోయే డేరాను ముందే పసిగట్టి ఆ మాట అనేవాడని మరికొందరంటారు. ఈ రెండో వాదన నిలవదు. జనం విరగబడి చూసిన సినిమాలను ఆయన తీసిపారేసిన సందర్భాలున్నాయి. పట్టుమని పదిమంది రాని సినిమాకు భార్యను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి.

ఆయనకొక నియమం ఉండేది. వడ్ల బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి, మూతి దగ్గరివి కాక కడుపులో గింజలు తీసి చూసి ధర చెప్పడం ఆయన వృత్తి. సినిమానూ అట్లాగే చూసేవాడు. ఒకసారి మిర్యాలగూడ డేరాలో నేల మీద, జనం మధ్య. మరొకసారి సూర్యాపేట డేరాలో కుర్చీలో, జనానికి వెనుక. రెండుసార్లూ చూడనిదే నోరు విప్పేవాడు కాదు. ఎవరైనా తొందరపెడితే, "ఒక్క పిడికిలికే బస్తా ధర చెప్తే నా దుకాణం ఎప్పుడో మూతపడేది" అనేవాడు.

సైన్యం వచ్చి, రజాకార్ల గొడవ అణిగి, మూసివేసిన డేరాలు మళ్లీ లేచిన ఏడాది అది. పెద్ద పెద్ద స్టూడియోల సినిమాలతో పాటు, ఎవరి అండా లేకుండా మద్రాసులో స్టూడియోను కొద్దిరోజులు కిరాయికి తీసుకుని తీసిన చిన్న సినిమాలు కూడా ఈ దారిన రావడం మొదలైంది. అట్లాంటి వాటి మీద రామ్మూర్తికి ప్రత్యేకమైన శ్రద్ధ. శ్రద్ధ అంటే దయ కాదు. ఒక సినిమాలో ఒకే గోడను మూడిళ్లకు వాడుకున్నారని, ఆ గోడకున్న మేకును గుర్తుపట్టి చెప్పాడు. అదే సినిమాను చూడమని కూడా చెప్పాడు. కారణం అడిగితే, "పొయ్యి ఊదిన ఆడమనిషి కండ్లల్ల నిజంగ నీళ్లొచ్చినయ్. పెద్ద సినిమాలల్ల రాణులు వంట చేస్తరు, ఒక్కలకు పొగ తగలదు" అన్నాడు. కడవ ఎత్తుకున్న నాయిక నడక చూసి ఆ కడవలో నీళ్లున్నాయో లేవో చెప్పేవాడు. లేవని తేలితే ఆ నాయిక ఎంత అందగత్తె అయినా ఆయన దగ్గర గట్టెక్కేది కాదు.

ఇట్లాంటి మనిషి ఒకే ఒకసారి తన నియమం తప్పాడు.

ఆ వేసవిలో "మోట బావి" అనే చిన్న సినిమా వచ్చింది. తీసినవాడు కోదాడ పక్క పల్లెలోని రైతుబిడ్డ, పేరు పెద్దులు. మద్రాసులో ఒక స్టూడియోలో రీళ్లు కోసి అతికే గదిలో కొన్నేళ్లు పనిచేసి, సొంతంగా ఈ సినిమా కట్టాడు. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల మధ్య ఒక బావి. తమ్ముడు ఆ బావిలో పడి చనిపోతాడు, అన్న మిగులుతాడు. దేవుళ్లు లేరు, కత్తులు లేవు. పంపిణీ చేసేవాళ్లు ముట్టుకోలేదు. చివరికి మిర్యాలగూడలోనూ సూర్యాపేటలోనూ డేరాలున్న ఒక యజమాని మాత్రం వేసవిలో ఖాళీగా ఉంచడమెందుకని ఒప్పుకున్నాడు. పెద్దులు ఇంకెవరినైనా ఒప్పించాలని బెజవాడలో ఆగిపోయి, రీళ్ల డబ్బాలను బస్సులో పంపాడు.

మిర్యాలగూడలో పొద్దు గుంకగానే ఆట మొదలైంది. రామ్మూర్తి ఆముదాల బేరం ముగించుకుని వచ్చి నేల మీద కూర్చున్నాడు. మిషను ఒక్కటే కాబట్టి రీలు రీలుకూ దీపం వెలిగేది. ఆ మధ్యలో జనం బీడీలు ముట్టించుకుని కథ గురించి వాదించుకునేవారు. మొదట్లోనే కథ ఒకచోట ఎగిరినట్టు ఆయనకు అనిపించింది. తెగి అతికిన రీళ్లు చూసిన కళ్లకు అదేమంత వింత కాలేదు. సినిమా సాగింది. తమ్ముడు బావిలో పడ్డాడు. అన్న ఊరివాళ్లను కూడగట్టి, అన్నదమ్ముల ఐకమత్యం మీద సుదీర్ఘంగా ఉపన్యసించాడు. జనం ఆవులించి తువాళ్లు దులుపుకున్నారు.

అప్పుడు దీపం మళ్లీ ఆరింది.

తెర మీద అదే బావి. చనిపోయిన తమ్ముడు బతికే ఉన్నాడు. మోట తోడే ఎడ్లను దరి దిగువకు తోలుతూ అన్నను ఎగతాళి చేస్తున్నాడు. ఇద్దరూ గట్టున కూర్చుని సద్ది మూట విప్పారు. అన్న వాటాలోని ఉల్లిగడ్డను తమ్ముడు కాజేసి పరుగెత్తాడు, అన్న వెంటపడ్డాడు. "రేపు మోట నాది, నువ్వు పండుకో" అని తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు మీద రీలు అయిపోయి తెర తెల్లబడింది.

డేరాలో ఎవరూ లేవలేదు. ఆడవాళ్ల వైపు నుంచి ఏడుపు వినపడింది. రామ్మూర్తి తన తువాలుతో ముఖం తుడుచుకుని, అది చెమటేనని పక్కవాడికి చెప్పాడు.

మరునాడు సూర్యాపేటలో బస్సు దిగినవాడు ఇంటికి కూడా పోకుండా దుకాణం బల్ల మీద కూర్చున్నాడు. "గిట్లాంటి సినిమా ఇంతవరకు రాలె. చచ్చినోన్ని ఆఖర్న నవ్వుకుంట చూపెట్టిండు. ముందుగాల ఉపన్యాసం పెట్టి, దాని మీదికెంచి గా నవ్వు పెట్టుడు చూడు, గది గడుసుతనం! మనం చెప్పే మాటలన్ని గా ఉల్లిగడ్డ ముందట ఉత్తయే అన్నట్టు."

భార్య రాజేశ్వరి మజ్జిగ చెంబు తెచ్చి ఇస్తూ ఆగింది. "రెండోసారి చూడకుండనే చెప్తున్నరేంది?"

"దీనికి రెండోసారి అక్కర లేదు."

"అట్లనా! బస్తా మూతి కాడనే ధర చెప్తున్నరన్నట్టు" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

సినిమా సూర్యాపేటకు వచ్చేసరికి డేరా కిటకిటలాడింది. సంగతి తెలిసి పెద్దులు కూడా బెజవాడ నుంచి దిగాడు. ముప్పై దాటని మనిషి, సన్నగా ఉన్నాడు. వచ్చి రామ్మూర్తి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన అతన్ని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. ఆట మొదలయ్యే ముందు లేచి, "ఉపన్యాసం కాంగనే లేవకుండ్రి. అసలుది ఆఖర్న ఉన్నది" అని జనానికి కేక వేసి మరీ చెప్పాడు. పెద్దులు ఆ మాటకు కొంచెం తెల్లబోయి చూశాడు, కానీ అడగలేదు.

రెండో రీలులో బావి వచ్చింది, సద్ది మూట వచ్చింది, ఉల్లిగడ్డ వచ్చింది. జనం నవ్వారు. రామ్మూర్తి నవ్వలేదు. కుర్చీలో ముందుకు జరిగాడు. తర్వాతి కథంతా ఆయన సరిగా చూడలేదనే చెప్పాలి. ఆఖరుకు ఉపన్యాసం వచ్చింది, అయిపోయింది, దీపం వెలిగింది. జనం కదలలేదు. రామ్మూర్తి సేటు లేవొద్దన్నాడు కనుక కూర్చున్నారు. రెండు డేరాల్లోనూ మిషను నడిపే మల్సూర్ బయటికి వచ్చి ఇంజను ఆపబోతూ, ఇంతమంది ఎందుకు కూర్చున్నారో అర్థం కాక నిలబడ్డాడు.

ఆడవాళ్లలో నుంచి గాజులమ్మే నాంచారమ్మ లేచింది. "ఏమాయె సేటూ, నీ ఆఖరి రీలు? మిర్యాలగూడలనే తిని వచ్చినవా?"

డేరా గొల్లుమంది. రామ్మూర్తి మల్సూర్ మీద విరుచుకుపడ్డాడు. "ఆఖరి రీలు ఎందుకు ఎగ్గొట్టినవ్‌రా? తమ్ముడు నవ్వేది ఏది?"

"అది రెండో రీలు సేటూ! ఇందాక చూపెట్టిన గద."

"మరి గాడ ఆఖర్న ఎట్ల వచ్చింది?"

మల్సూర్ తల గోక్కున్నాడు. "గాడనా... గా డబ్బా బస్సు మీద ఆముదాల బస్తాల నడుమ చిక్కుకపోయింది. మాకు దొరకలె. జనం ఈలలేస్తుంటే అది లేకుండనే నడిపిన. సగం ఆట అయినంక వెనుక బస్సుల తెచ్చి ఇచ్చిండ్రు. టికెట్ కొన్నోళ్లకు రీలు ఎగ్గొడితే పాపం గదా? అందుకని ఆఖర్న తిప్పిన. అన్ని రీళ్లు చూపెట్టుడు నా ధర్మం సేటూ. ముందా వెనుకనా అనేది తర్వాత మాట."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పక్క కుర్చీలో పెద్దులు తల వంచుకుని కూర్చుని ఉండటం అందరికీ కనిపిస్తోంది.

తెల్లవారి దుకాణం తెరవకముందే పెద్దులు వచ్చాడు. కోదాడలో డేరా నడిపే ఉపేందర్ బస్సు డ్రైవరుతో ఒక మాట చెప్పి పంపాడు. కోదాడ వాళ్లు సరిహద్దు దాటి జగ్గయ్యపేట పోయి కొత్త సినిమాలు ముందే చూసి వచ్చేవారు; వాళ్లను మెప్పించడం కష్టం. కాబట్టి రామ్మూర్తి సరేనంటేనే సినిమా పెట్టుకుంటాడట. పదింటి బస్సు తిరిగి పోయేలోపల జవాబు కావాలట.

"నువ్వు ఏం చెప్పమంటవ్?" అన్నాడు రామ్మూర్తి.

"మా అమ్మ ఇంతవరకు సినిమా చూడలేదు" అన్నాడు పెద్దులు. "మోకాళ్లు పట్టేసి బస్సెక్కలేదు. కోదాడ దాకా అయితే బండిలో తీసుకురావచ్చు. చచ్చిపోయిన తమ్ముడు నా తమ్ముడే. ఆ బావి మాదే. కోదాడలో ఆడకపోతే ఆమె చూడదు. నాకు మీ మెప్పు వద్దు సేటూ. పెట్టుకొమ్మని ఒక్క మాట చెప్పండి చాలు."

అబద్ధం చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం రామ్మూర్తికి ఎన్నడూ ఎదురు కాలేదు. అయినా చెప్పేదేదో నిజమే అయి ఉండాలి; ఏది నిజమో ఆయనకే తేలడం లేదు. మెచ్చుకున్నది వెనక్కి తీసుకుంటే, మిర్యాలగూడలో తన కళ్లు చూసింది అబద్ధం కావాలి. తీసుకోకపోతే, సూర్యాపేట డేరాలో కూర్చున్న జనం చూసింది అబద్ధం కావాలి.

"నేను మెచ్చుకున్న సినిమా వేరే" అన్నాడు చివరికి. "నువ్వు కట్టింది వేరే."

పెద్దులు ముఖం ఎర్రబడింది. "అదే గదా! మీరు నా సినిమాను మెచ్చుకోలేదు. బస్సు ఆలస్యాన్ని మెచ్చుకున్నారు."

"గా నవ్వు బస్సు తీసిందా? గా ఉల్లిగడ్డ బస్సు పెట్టిందా? నువ్వే తీసినవ్. ఏడ పెట్టాల్నో నీకు తెల్వలె. బస్సుకు తెలిసింది."

"ఎంత మాటన్నారు!" పెద్దులు లేచి నిలబడ్డాడు.

తలుపు వెనుక నుంచి రాజేశ్వరి వచ్చింది. "కూసో నాయనా. ఆయన మాట గట్లనే ఉంటది, ఇంట్ల నేను పడుతలేనా? ఒక్కటి చెప్పు. గా ఉపన్యాసం ఎందుకు పెట్టినవ్? అంత చక్కటి సినిమాల అది అతికినట్టు లేదు."

పెద్దులు మళ్లీ కూర్చున్నాడు. "తమ్ముడి దినం నాడు ఊరందరూ ఏదో ఒకటి మాట్లాడిండ్రు అమ్మా. నన్ను కూడ మాట్లాడమన్నరు. నోరు రాలె. నా తమ్ముని గురించి ఒక్క మాట చెప్పలేకపోయిన. సినిమాలనన్న చెప్దామనుకున్న." మద్రాసులో నేర్చిన మాట తీరు ఆ కాసేపు అతని నోటి నుంచి జారిపోయింది.

"చెప్పినవ్ గదా" అన్నాడు రామ్మూర్తి. గొంతు మెత్తబడింది. "ఉపన్యాసంల కాదు, రెండో రీలుల. మిర్యాలగూడల నీ తమ్ముని పేరు సుత తెల్వనోళ్లు ఏడ్సిండ్రు. నేనూ..." అని ఆగాడు. "నాకూ చెమట పట్టింది."

రాజేశ్వరి చీర చెంగుతో నవ్వు దాచుకుంది.

బస్సు డ్రైవరుకు రామ్మూర్తి ఇచ్చిన జవాబు ఇది: "ఉపేందర్‌కు చెప్పు. ఒక్కసారి చూసి నోరు జారిన, తప్పు నాది. రెండోసారికి అది వేరే సినిమా అయ్యింది. కాబట్టి బాగున్నదనీ చెప్పను, లేదనీ చెప్పను. కోదాడకు నేనే వచ్చి నలుగురి నడుమ కూసొని చూస్త. నా మాట మీద కాదు, నేను వస్తున్ననన్న మాట మీద పెట్టుకొమ్మను."

ఉపేందర్ పెట్టుకున్నాడు. సేటు ఒక సినిమాను మూడోసారి చూడటానికి బస్సెక్కి వస్తున్నాడంటే అందులో ఏదో ఉందని కోదాడ జనానికి అనిపించి ఉండాలి, డేరా నిండింది. రాజేశ్వరి కూడా భర్త వెంట వచ్చింది. రీళ్లు తెలిసినవాడని మల్సూర్‌ను పెద్దులు తీసుకువచ్చాడు. పెద్దులు తల్లి చంద్రమ్మను బండిలోంచి దించి, ఆడవాళ్ల వైపు అందరికంటే ముందు చాప వేసి కూర్చోబెట్టారు. రాజేశ్వరి ఆమె పక్కనే కూర్చుంది. తెరను చూసి ముసలామె, "ఇంత పెద్ద దుప్పటి ఎందుకు కట్టినారమ్మా?" అని అడిగింది.

సినిమా మొదలైంది. రెండో రీలు రెండో చోటనే వచ్చింది. తన బావి తెర మీద కనపడగానే చంద్రమ్మ నిటారుగా కూర్చుంది. వేషం వేసినవాడు తన కొడుకు కాడని ఆమెకు తెలుసు. "మావాడు ఇంతకంటే నలుపు" అని రాజేశ్వరితో అంది. తమ్ముడు బావిలో పడిన రీలులో మాత్రం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, దీపం వెలిగేదాకా తీయలేదు.

ఆ దీపం వెలుగులో, మిషను పెట్టిన గుడిసె దగ్గర పెద్దులుకూ మల్సూర్‌కూ గొడవ జరుగుతుండటం వెనుక బెంచీలకు వినిపించింది.

"గీ ఉపన్యాసం డబ్బా తిప్పొద్దంటవా? టికెట్ కొన్నోళ్లకు రీలు ఎగ్గొడతవా? నాతోని కాదు."

"దాని బదులు ఒక రీలు రెండుసార్లు ఇస్తున్నం గదా మల్సూర్! లెక్క సరిపాయె."

మల్సూర్ ఆలోచించాడు. లెక్క సరిపోయిందని ఒప్పుకున్నాడు.

దీపం ఆరింది. మళ్లీ ఆ బావి, ఆ ఎడ్లు, ఆ సద్ది మూట. ఇందాక ఇదే రీలుకు నవ్విన కోదాడ ఇప్పుడు నవ్వలేదు. తమ్ముడు ఉల్లిగడ్డ కాజేసి, నోట్లో కుక్కుకుని, గబగబా నములుతూ పరుగెత్తాడు. చీకట్లో చంద్రమ్మ గొంతు స్పష్టంగా వినపడింది.

"నిమ్మళంగ తినరా. గొంతు పడతది."

ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు. "రేపు మోట నాది, నువ్వు పండుకో" అని తెర మీద తమ్ముడు నవ్వాడు. తెర తెల్లబడింది. గుడిసె పక్కన నిలబడ్డ పెద్దులు జనంలో నుంచి తోవ చేసుకుంటూ తల్లి దగ్గరికి వెళ్లి, ఆమె చాప మీదనే కూర్చున్నాడు. ఆమె వాడి వీపు మీద చెయ్యి వేసి అట్లాగే ఉంచింది.

డేరా గుమ్మం దగ్గర ఉపేందర్ కాచుకుని ఉన్నాడు. "ఇప్పుడన్నా చెప్పండి సేటుగారూ, ఎట్లా ఉంది?"

"మోకు కొత్తది" అన్నాడు రామ్మూర్తి. "ఏండ్ల నుంచి నడిచే మోటకు అంత కొత్త మోకు ఉండదు. అన్న వేషం వేసినోనికి ఎడ్లను తోలుడు రాదు, ఎడ్లే వాన్ని తోలుతున్నయ్. నడుమ రెండు రీళ్లు సాగతీసిండు."

"అయితే రేపు తీసెయ్యమంటారా?"

"నేనెప్పుడన్న గట్లన్ననా? తీస్తే మంచిగుండదు, చెప్తున్న."

మరునాడు పొద్దున సూర్యాపేట బస్సులో దంపతులు తిరుగు ప్రయాణమయ్యారు. మునగాల చేరేదాకా రామ్మూర్తి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. బస్సు అక్కడ చాయ కోసం ఆగింది.

"పోంగనే అందరూ అడుగుతరు" అంది రాజేశ్వరి. "నాంచారమ్మ అయితే బల్ల కాడనే కూసొని ఉంటది. ఏమని చెప్తరు?"

"రెండోసారి చూసినంక చెప్త."

"ఇప్పటికి మూడుసార్లు చూస్తిరి గదా!"

"చూసింది మూడు తీర్లు. గిట్ల కట్టింది చూసింది ఒక్కసారే."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన అప్పటికే కాళ్ల దగ్గరి సంచి చేతికి తీసుకున్నాడు. ఎదురుగా కోదాడ వైపు పోయే బస్సు వచ్చి ఆగింది.

"దుకాణం?" అంది ఆమె.

"దుకాణం ఏడికి పోతది?" అంటూ ఆయన దిగాడు.

రాజేశ్వరి కూడా చెంగు సర్దుకుని, ఆయన వెనుకే దిగింది. అట్లా కట్టిన సినిమాను ఆమె కూడా చూసింది ఒక్కసారే.